బంతి చేతికి రాలేదన్న మాట

పది గంటలకి మొదలవాల్సిన చర్చ పదీ పది దాటినా మొదలు కాలేదు. తెర మీదికి బొమ్మ రావడం లేదు. నల్ల చొక్కా వేసుకున్న ఒకామె బల్ల కిందికి వంగి తీగలు లాగి చూస్తోంది, మళ్లీ గుచ్చుతోంది. ముప్పై రెండు అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల పెద్దలు గుర్రపునాడాలా వేసిన బల్లల చుట్టూ కూర్చుని కాఫీ చల్లార్చుకుంటున్నారు. లవెల్ ప్రూయిట్ తన ముందున్న అట్టముక్క వంక చూస్తున్నాడు. దాని మీద అతని పేరు లేదు, టొలీడో అని ఊరి పేరు మాత్రం ఉంది. ఆ కుర్చీ జట్టు యజమానురాలు మిసెస్ కసప్‌ది. ఎనభై ఒక్కేళ్ల ఆవిడ పోయిన వారం స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి నుంచే ఫోన్ చేసింది. "మిగతా వాటికి ఎప్పుడు చెయ్యెత్తాలో కాగితం మీద రాయించి పంపిస్తున్నానబ్బాయ్. అదనపు సమయం సంగతి మాత్రం రాయలేదు. అది నీ ఇష్టం." ఆవిడ మామూలుగా ఏదీ ఎవరి ఇష్టానికీ వదిలే మనిషి కాదు, మైదానంలో గడ్డి ఎంత ఎత్తుండాలో కూడా ఆవిడే చెబుతుంది. మంచితనంతో అందో, పరీక్ష పెట్టడానికి అందో తేల్చుకోలేక, సరే మేడమ్ అని మాత్రం అని పెట్టేశాడు. ఆ సరే అన్న మాట వారం రోజులుగా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

కిటికీ అవతల అరిజోనా ఎండ. గోల్ఫ్ మైదానం మీద నీళ్లు చిమ్మే గొట్టాలు టిక్కుటిక్కుమంటూ తిరుగుతున్నాయి. ఇసుక నేలలో ఇంత పచ్చదనం నిలబెట్టాలంటే ఎన్ని నీళ్లు తాగించాలో అనుకున్నాడు. అనుకుంటుంటే తుంపర గాలికి పక్కకి వాలి తెల్లగా మెరిసింది, ఆ తెలుపు మంచులా కనిపించింది, మంచంటే టొలీడోలో జనవరి, జనవరి అంటే ఆ ఒక్క మ్యాచే, దానికి తేదీ అక్కర్లేదు, ఊళ్లో ఎవరితోనైనా 'ఆ మ్యాచ్' అంటే చాలు. పదకొండేళ్లయింది, లవెల్ అప్పుడు టొలీడో తరఫున ఆడుతున్నాడు. ఇరవై నాలుగూ ఇరవై నాలుగూ. గడియారం సున్నాకి వచ్చింది, శాక్రమెంటోతో సమం, ఇక అదనపు సమయం. పిచ్చిచలి, ఊపిరి వదిలితే హెల్మెట్ కమ్మీల మీద మంచుగా పేరుకునేది. మధ్యలోకి ఇద్దరు కెప్టెన్లని పిలిచి నాణెం ఎగరేశారు. తమవాడు బొమ్మన్నాడు, బొరుసు పడింది. బంతి శాక్రమెంటో వాళ్లకి. వాళ్లు ఆ మొదటి విడతలోనే బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్ కొట్టేస్తే ఆట అక్కడితో సరి, అవతలి జట్టు బంతి ముట్టుకోకుండానే ఇంటికి పోవాలి. అప్పటి నిబంధన అది, ఇప్పటికీ అదే, ఇంకో గంటలో ఉంటుందో పోతుందో ఈ గదిలో తేలాలి. శాక్రమెంటో వాళ్లు కొట్టేశారు. బంతి విసిరి టొలీడో జట్టుని నడిపించాల్సిన క్వార్టర్‌బ్యాక్ వేడ్ స్టాసెల్ హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుని, బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. అదే అతని ఆఖరి పెద్ద మ్యాచ్. ఆ తరవాతి సెప్టెంబరులో భుజం పోయింది, మళ్లీ అంత దూరం రాలేదు.

ఆ వేడే ఇప్పుడు ఒమాహా జట్టుకి కోచ్. ఈ ప్రతిపాదన ఒమాహా పెట్టిందే. పొద్దున ఫలహారం దగ్గర లవెల్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు, కూర్చోమని అడగకుండానే, పాతరోజుల్లో బస్సులో కూర్చున్నట్టు.

"ఒరేయ్, ఒక్క నిమిషం మాట్లాడు చాలు. నేనొక్కణ్ణే చెబితే నా ఏడుపు నేనేడుస్తున్నానంటారు. నువ్వు లేచి, ఆ రోజు బంతి మా వాళ్ల చేతికి రానే లేదండీ, నాణెం ఓడించింది మమ్మల్ని, అను. అంతే. వాళ్లు ఆ మాట వినాలి."

"ఎంతమంది ఉన్నారు నీకు?"

"గట్టిగా ఇరవై రెండు. ఇరవై నాలుగు కావాలి. ముగ్గురు ఊగుతున్నారు, నీతో కలిపి."

"నేను ఊగుతున్నానని ఎవరన్నారు?"

"నీ మొహమే అంటోంది," అని లవెల్ పళ్లెంలోంచి వేయించిన పంది మాంసం ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుని లేచిపోయాడు వేడ్. వెళ్తూ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు లవెల్‌కి తెలుసు. ఆ మ్యాచ్ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో, అందరూ తలలు వేలాడేసుకుని కూర్చున్నప్పుడు, అదే చెయ్యి అదే భుజం మీద వేసి, "నాణెం రా, నాణెం, ఏం చేస్తాం" అన్నాడు. అందరికన్నా ముందు ఆ మాట అన్నది అతనే. తరవాత విలేకరులు రాశారు, ఊరు పట్టుకుంది.

తెర వెలిగింది. నల్ల చొక్కా ఆమె మోకాళ్లు దులుపుకుని పక్కకి జరిగింది. వేడ్ లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. మైదానంలో అరవై వేల మంది గోలని మించి అరిచిన గొంతు గదిలో చిన్నబోయింది. "మేం అడిగేది చిన్నది. మొదటి జట్టు ఏం కొట్టినా కొట్టనివ్వండి. రెండో జట్టుకీ ఒక విడత బంతి ఇవ్వండి. ఎందుకో మీరే చూడండి." లవెల్ ఆ వీడియో ఎప్పుడూ చూడలేదు. పదకొండేళ్లలో ఎన్నో హోటళ్లలో, ఎన్నో విమానాశ్రయాల్లో అది టీవీలో వస్తుంటే లేచి పక్కకి పోయాడు, ఇంట్లో అయితే చానల్ తిప్పేశాడు. ఇప్పుడు లేచిపోవడానికి లేదు, ముందు టొలీడో అన్న అట్టముక్క ఉంది. నాణెం లేచింది, పడింది. బంతి పట్టుకుని ముందుకెళ్లే ఒక్కో ప్రయత్నం ఒక్కో ఎత్తు; మధ్యలో ఏడు ఎత్తులు కత్తిరించేసి నేరుగా ఎనిమిదోది వేశారు. బంతి గాలిలోకి లేచింది, కెమెరా బంతి వెంటే పోయింది, బంతి ఎక్కడ దిగుతుందో అక్కడ శాక్రమెంటో కుర్రాడొకడు ఒంటరిగా, చుట్టూ ఎవరూ లేకుండా, రైలు కోసం నిలబడ్డవాడిలా చేతులు చాపుకుని ఉన్నాడు. అతను పట్టుకుని గీత దాటాక, తెర మూలలోంచి ఇరవై ఏడో నంబరు చొక్కా వేసుకున్న మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చాడు, వచ్చి ఆగిపోయి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. పెళ్లికి భోజనాలయ్యాక వచ్చిన చుట్టంలా ఉన్నాడు అనుకున్నాడు లవెల్. అది తనే అని తెలుస్తూనే ఉంది, తెలిసినా ఏమీ అనిపించలేదు, ఆ మనిషి సన్నగా ఉన్నాడు, కుర్రవాడు, మోకాళ్లు ఇంకా నొప్పి పుట్టనివి. తరవాత బెంచీ. బెంచీ మీద హెల్మెట్‌లో వేడ్. అక్కడ బొమ్మ ఆపేశారు.

ఆ శాక్రమెంటో కుర్రాడి చుట్టూ అంత చోటు ఎందుకుందో బొమ్మ చెప్పదు. టీవీ కెమెరా బంతిని చూస్తుంది గానీ, బంతి లేని చోట ఏం జరిగిందో దానికి పట్టదు. ఈ ఆటలో బంతి ఆడేవాళ్లు వేరు, అవతలివాళ్లని అడ్డుకునేవాళ్లు వేరు; అడ్డుకునేవాళ్లందరికన్నా వెనక, ఒంటరిగా నిలబడేవాడు లవెల్. అతని వెనక ఇంక ఎవరూ లేరు, గీత తప్ప. అందరూ పొరబడినా పరవాలేదు, వెనక కాపలా ఉన్నవాడు పొరబడకూడదు. అతని పని వెనక ఉండటమే. ఆ ఎత్తులో బంతి తమ దగ్గరే నిలుపుకోడానికి శాక్రమెంటోకి కావలసింది ఒక్క గజం. ఒక్క గజానికి ఎవరైనా బంతి పరిగెత్తేవాడి చేతికిస్తారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఇవ్వబోయినట్టు చెయ్యి చాపి, మళ్లీ లాక్కున్నాడు. ఆ చాపడానికీ లాక్కోవడానికీ మధ్య లవెల్ రెండడుగులు ముందుకి వేశాడు. అతని ఆలోచన ఎప్పుడూ ఆ రెండడుగుల దగ్గరికి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు చూసి లోపలికి వెళ్లాలా వద్దా అని ఆగినట్టు ఆగిపోతుంది. పైనుంచి మైదానమంతా కనబడేలా కోచ్‌ల కోసం తీసే రీలు వేరే ఉంటుంది. ఆ సోమవారం ఆ రీలు వేసినప్పుడు ముసలి కోచ్ ఆస్ట్రాండర్ ఆ ఎత్తు రాగానే ఆపకుండా ముందుకి తిప్పేశాడు. "ఇక్కడ చూసేదేం లేదు. నాణెం," అన్నాడు. చీకట్లో కూర్చున్న యాభై మందిలో ఎవరూ వెనక్కి తిప్పమనలేదు. కోచ్ పోయి నాలుగేళ్లయింది. చివర చివర లవెల్ చూడ్డానికి వెళ్తే పేరు గుర్తు రాక 'ఇరవై ఏడు' అని పిలిచాడు, ఇంకేం అనలేదు.

మోబీల్‌లో అమ్మ డెలోరిస్ అయితే నాణెం మీద పగబట్టింది. ఆ మ్యాచ్ మర్నాడు ఫోన్లో, "నువ్వు బాధపడకు నాన్నా, అది పాడు నాణెం, దాని మీద దేవుడి చెయ్యి లేదు" అంది. చర్చిలో ఆదివారం నాడు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లంతా అతని చేతులు పట్టుకుని అదే మాట అన్నారు, వాళ్ల చేతి తొడుగులకి పిప్పరమెంటు బిళ్లల వాసన. టొలీడోలో క్షురకుడు డబ్బులు తీసుకోలేదు, 'నాణెం నిన్నూ మమ్మల్నీ కలిపి ముంచింది, నా దగ్గర నీకు బిల్లేంటి' అన్నాడు. ఊళ్లో ఒక బారు యజమాని గోడకి ఒక నాణేన్ని బొరుసు పైకి ఉండేలా మేకు కొట్టి బిగించాడు, తాగినవాళ్లు వెళ్తూ వెళ్తూ దాన్ని లెంపకాయ కొట్టి పోయేవాళ్లు. మొదట్లో లవెల్‌కి అది చల్లగా ఉండేది, కాలిన చోట మంచుగడ్డ పెట్టినట్టు. ఒప్పుకోలేదు, కాదనలేదు, తల ఊపేవాడు. తల ఊపడం కూడా ఒక మాటేనని అప్పుడు తోచలేదు. పెళ్లయింది, ఆట మానేశాడు, జట్టు ఆఫీసులోనే ఉద్యోగం ఇచ్చారు, మెడలో కార్డు వేసుకున్నాడు. ఎక్కడికి వెళ్లినా, మీరు ఆ నాణెం మ్యాచ్‌లో ఆడారు కదూ పాపం, అనేవాళ్లు. పాపం అన్న మాట ఎన్నిసార్లు విన్నాడంటే, తనే దాన్ని ఎక్కడో నిజమని రాసిపెట్టుకున్నాడు. పోయిన నెలలో ఒక సాయంత్రం ఒడెస్సా, అతని కూతురు, తొమ్మిదేళ్లది, బడిలో ఇంట్లోవాళ్ల గురించి వ్యాసం రాయమన్నారని వంటింటి బల్ల దగ్గర కూర్చుని అడిగింది. వేర్నీస్ ఉల్లిపాయలు తరుగుతూ భర్త తరఫున తనే చెప్పింది, ఆ నాణెం కథ, అందరూ చెప్పేటట్టే. పిల్ల పెన్సిల్ చివర కొరుకుతూ అంతా విని, "మరి వాళ్లు కొట్టేటప్పుడు నాన్న మైదానంలోనే ఉన్నాడుగా?" అంది. ఏ దురుద్దేశమూ లేదు. లెక్క సరిపోక అడిగింది. వేర్నీస్ నవ్వి, "ఉన్నాడులే, రాసుకో" అంది. లవెల్ మంచినీళ్లు తాగడానికి లేచాడు. కుళాయి కింద గ్లాసు నిండిపోయి నీళ్లు చేతి మీదుగా కారుతున్నా కట్టలేదు.

"వినపడుతోందా వెనక వాళ్లకి?" అంటున్నాడు హార్లన్ డ్రీస్‌బాక్. ఎల్ పాసో జట్టు యజమాని, ఎర్రగా కందిన మెడ, పుచ్చకాయ ముక్కలున్న గిన్నె ముందు పెట్టుకుని పుల్లతో ఒక్కోటి పొడుచుకు తింటున్నాడు. "నాకు అర్థం కానిది ఒక్కటే. అడ్డుకోవడం ఆట కాదా? మేం జట్టులో సగం మందిని అలంకారానికి పెట్టుకున్నామా? బంతి రాలేదంటారు. ఆపితే వస్తుంది బాబూ. ఆపండి, వస్తుంది. ఆపలేకపోయి, నాణెం, నాణెం, అని పదకొండేళ్లు ఏడిస్తే ఎట్లా?"

గదిలో కొందరు నవ్వారు. వేడ్ నవ్వలేదు. ఎవరో, నాణెం గెలిచినవాళ్లే ఎక్కువసార్లు గెలుస్తున్నారని తెర మీద గీతలూ అంకెలూ చూపించారు. ఇంకెవరో ఆ అంకెల్లో చలికాలపు మ్యాచ్‌లు విడిగా తీసి చూడాలన్నారు. ఒక డాక్టరు, బూడిదరంగు కోటు వేసుకున్న పొట్టి ఆవిడ, లేచి, ఆట పొడిగించిన కొద్దీ అలిసిపోయిన శరీరాలు ఢీకొంటాయి, ఇంకో పది పన్నెండు ఎత్తులంటే మీకు సరదా, ఆ మోకాళ్లెవరివో ఒకసారి ఆలోచించండి, అని కూర్చుంది. లవెల్ బల్ల కింద కుడి మోకాలు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ చెప్పిందీ నిజమే. హార్లన్ చెప్పిందీ నిజమే. ముఖ్యంగా హార్లన్ చెప్పింది. విచిత్రమేమంటే ఆ లావుపాటి మనిషి, జీవితంలో ఎవర్నీ పరిగెత్తి పట్టుకోని మనిషి, పుచ్చకాయ నములుతూ, తన గురించి పదకొండేళ్లలో మొదటిసారి నిజం చెప్పాడు. కోపం రావాలి, రాలేదు. ఎవరో తన పేరు సరిగ్గా పలికినట్టనిపించింది. ఎప్పట్నుంచో తప్పుగా పలుకుతుంటే సర్దుకుపోయాడు, ఇప్పుడెవరో సరిగ్గా పలికారు.

అయితే నిబంధన సరైందేనా? అలా కూడా అనిపించడం లేదు. అతను తెర వంక చూశాడు. బొమ్మ అక్కడే ఆగి ఉంది. బెంచీ, హెల్మెట్, హెల్మెట్ కమ్మీల వెనక కళ్లు కనబడని చీకటి. ఆ బొమ్మలో తనని చూసుకున్నప్పుడు ఏమీ అనిపించలేదు గానీ, బెంచీ మీద మనిషి మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. తను మైదానంలో ఉన్నాడు. మంచో చెడో కాళ్లు కదిలించాడు. ఆ మనిషి కాళ్లు కదిలించడానికి వీల్లేదు. ఆరేళ్ల వయసు నుంచీ బంతి విసురుతూ వచ్చినవాడి భవిష్యత్తంతా, నలభై గజాల దూరంలో ఇంకొకడు వేసిన రెండడుగుల మీద ఆధారపడి, గడ్డం పట్టీ బిగించుకుని కూర్చుంది. నాణెం నిజంగా ఎవర్నైనా ఓడించి ఉంటే ఆ ఒక్కణ్ణి. కానీ ఆ ఒక్కడికీ తనకీ మధ్య నాణేన్ని అడ్డం పెట్టుకుని ఇన్నాళ్లు నిలబడింది తను.

"టొలీడో ఏమైనా చెబుతుందా?" అన్నాడు అధ్యక్ష స్థానంలో కూర్చున్నాయన, కాగితాల మీంచి తలెత్తకుండానే. బల్లకి అవతలి కొస నుంచి వేడ్ చిన్నగా తలాడించాడు. కానివ్వు, అన్నట్టు.

లవెల్ లేచాడు. కుర్చీ వెనక్కి జరిగి తివాచీకి పట్టుకుంది, కాస్త వంకరగా నిలబడాల్సొచ్చింది. "నా పేరు ప్రూయిట్. ఇందాక ఆ బొమ్మలో ఆలస్యంగా పరిగెత్తుకొచ్చినవాణ్ణి నేనే." ఒకరిద్దరు నవ్వారు, స్నేహంగానే. "నన్నొక మాట చెప్పమన్నారు. నాణెం మమ్మల్ని ఓడించిందని. నేనది చెప్పలేనండి. నాణెం మాకు బంతి ఇవ్వలేదు, అంతవరకే దాని తప్పు. ఆ తరవాత వాళ్లు ఎనిమిది ఎత్తులు ఆడారు. మీకు చూపించింది ఒకటే. ఎనిమిదిసార్లూ మేం ఆపొచ్చు. ఆఖర్ది నా మీదకొచ్చింది. నేను వెనక ఉండాల్సినవాణ్ణి, రెండడుగులు ముందుకేశాను, మోసపోయాను, ఆ కుర్రాడు నా వెనక నుంచి పోయాడు. అంచేత హార్లన్ గారన్నది నా విషయంలో నిజం. నాకు అన్యాయమేం జరగలేదు. నా వంతు నాకొచ్చింది." హార్లన్ పుల్లతో గిన్నె అంచు మీద టకటకా కొట్టాడు, విన్నారా అన్నట్టు. "కానీ నా వంతు నాది. ఆయన వంతు ఆయనది," అని లవెల్ తెర వైపు చెయ్యి చూపించాడు. వేడ్ వైపు చూడలేదు, బొమ్మ వైపే చూశాడు. "ఆ బెంచీ మీదున్నాయన ముందుకీ అడుగెయ్యలేదు, వెనక్కీ వెయ్యలేదు. నా తప్పుకి ఆయన ఆట అయిపోయింది. నిబంధన నాకు న్యాయంగానే ఉంది. ఆయనకి లేదు. నాకు తెలిసింది ఇంతే."

ఏదో జరుగుతుందని అతను ఎదురుచూశాడేమో, ఏమీ జరగలేదు. ఎవరో దగ్గారు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని, "అంటే టొలీడో అవుననా, కాదనా?" అని అడిగాడు.

"అవుననే."

"అలా చెప్పండి," అని రాసుకున్నాడాయన. పదకొండేళ్లు మోసిన దాన్ని దింపితే చప్పుడవుతుందనుకున్నాడు లవెల్, కాలేదు. కూర్చున్నాడు. హార్లన్ ఒక సవరణ పెట్టాడు, ఏడాది పొడుగునా జరిగే మామూలు మ్యాచ్‌లకి వద్దు, చివర్లో నాకౌట్ మ్యాచ్‌లకి మాత్రం కావలిస్తే పెట్టుకోండి, అని. డాక్టరు, అదే మేలు, అంది. వేడ్ ఒక్క క్షణం ఆలోచించి ఒప్పుకున్నాడు. చేతులెత్తమన్నారు. లవెల్ ఎత్తాడు, చంకలో చొక్కా తడిసిపోయిందని అప్పుడు తెలిసింది. చుట్టూ గడియారాలు పెట్టుకున్న మణికట్లు, బంగారువి, నల్లవి, ఒకటి చిన్నపిల్లలు కట్టే రంగుదారంతో. నల్ల చొక్కా ఆమె లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై ఆరు. హార్లన్ చెయ్యి దించుకునే ఉన్నాడు, తన సవరణకి కూడా ఎత్తలేదు. ఊగుతున్నవాళ్లలో లవెల్ మాట విని ఎత్తినవాళ్లున్నారో, సవరణ చూసి ఎత్తినవాళ్లున్నారో, పొద్దున కాఫీ దగ్గరే తేల్చుకుని వచ్చినవాళ్లున్నారో ఎవరూ చెప్పలేరు, ఎవరూ అడగరు కూడా. గంట కూడా పట్టలేదు. పావుగంట విరామం అన్నారు.

బయట పొడుగాటి వసారాలో చల్లదనం ఎక్కువ పెట్టారు. లవెల్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. వేడ్ కాఫీ కప్పుతో వచ్చాడు, ఎవరో చెయ్యి కలిపి అభినందిస్తుంటే వాళ్లని వదిలించుకుని వచ్చాడు, మొహం మాత్రం గెలిచినవాడిలా లేదు.

"పదకొండేళ్లు దాచిపెట్టాను రా దాన్ని. నువ్వు రెండు నిమిషాల్లో పారబోశావు. అదీ పుచ్చకాయ నములుతున్న వాళ్ల ముందు."

లవెల్ అతని వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"పైనుంచి తీసిన రీలు ఆ వారమే చూశాను. ఒక్కణ్ణే కూర్చుని. రెండడుగులూ కనబడ్డాయి."

"మరి నాణెం, నాణెం అని ఊరంతా చెప్పావేం?"

"ఎవరో ఒకర్ని అనాలి కదా. ఊరు ఊరుకుంటుందా? నాణేనికి పెళ్లాం పిల్లలు లేరు," అని వేడ్ కాఫీ ఒక గుక్క తాగాడు. "మోసపోయావు. సరే. ఎవడు మోసపోడు? నేను ఎన్ని బంతులు అవతలివాడి చేతిలో పెట్టలేదు?"

"మోసపోలేదు," అన్నాడు లవెల్.

అనేశాక గానీ అన్నానని తెలియలేదు. లోపల లేచి నిలబడి అందరి ముందూ చెప్పింది కూడా ఒక నాణెమేనని, దానికంటే కాస్త పెద్దదంతేనని, ఆ క్షణంలో అర్థమైంది. మోసపోయాను అనడం ఎంత సుఖం. మోసం చేసింది అవతలివాడు కదా.

"అంటే?"

"వాళ్ల ఎడమ పక్క ఆ లావుపాటివాడు లేడూ, ముందు వరసలో. పరుగుకైతే బరువంతా వేళ్ల మీద వేసి వంగేవాడు. విసిరేదైతే మడమల మీద కూర్చునేవాడు. వారమంతా మనవాళ్లకి నూరిపోసింది నేనే. ఆ ఎత్తుకి మడమల మీదున్నాడు. చూశాను, వేడ్. విసురుతారని నాకు తెలుసు."

"తెలిసీ ముందుకెళ్లావా?"

"ఒకవేళ పరుగైతే, అనుకున్నాను. నేనే దూకి ఆపితే, అనుకున్నాను. వెనక నిలబడి ఊరికే ఉన్నవాణ్ణి ఎవరు చూస్తారు? విసరకుండా ఆగిపోయాడంటే అది ఎవరి ఖాతాలోనూ పడదు. ఆ ఒక్క క్షణం నాకు వాళ్లని ఆపడం కాదు కావలసింది. కనబడటం."

వేడ్ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల ఒక చిన్న బండిలో తోటమాలి గడ్డి కోతయంత్రం తీసుకుపోతున్నాడు. లోపల్నుంచి గిన్నెలు తీస్తున్న చప్పుడు వినబడుతోంది. క్షమించమనే మాట లవెల్ నోటిదాకా వచ్చింది. పదకొండేళ్లకి అది మరీ చిన్నదిగా తోచి అక్కడే ఆగిపోయింది. కొట్టినా బాగుండును అనుకున్నాడు. వేడ్ కొట్టే మనిషి కాదు.

"ఆ రోజు నేను చూడట్లేదు," అన్నాడు వేడ్.

"ఏది?"

"ఆ ఎత్తు. నేను అసలు మైదానం వంక చూడట్లేదు. ఎత్తుల కాగితం ఒళ్లో పెట్టుకుని చదువుకుంటున్నాను, మనకి బంతి రాగానే మొదట ఏం ఆడాలా అని. ఒక్క గజం కావాలి వాళ్లకి, వెనకాల నువ్వున్నావు. ఇంకేం, ఆపేస్తావు, అనుకున్నా. జనం అరుపు విని తలెత్తాను." కాఫీ కప్పు చేతిలో తిప్పుతున్నాడు. కోపంగా అనలేదు, నిష్ఠూరంగా అనలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అందుకే లవెల్ కిటికీ అంచు పట్టుకున్నాడు. తనని ఎవరూ చూడరనుకుని రెండడుగులు వేసిన క్షణంలో, ఒక మనిషి తన వంక చూడాల్సిన అవసరమే లేదన్నంత నమ్మకంతో కాగితం చదువుకుంటున్నాడు. అంతకన్నా ఎక్కువగా ఎవరైనా ఎవర్నైనా ఎలా చూస్తారు?

లవెల్ అడిగాడు. "ఏం ఆడదామనుకున్నావు?"

"ఎప్పుడు?"

"అప్పుడే. బంతి వస్తే. మొదటిది."

వేడ్ అతని వంక అనుమానంగా చూశాడు, వేళాకోళమా అన్నట్టు. కాదని తెలుసుకుని కప్పు కిటికీ అంచు మీద పెట్టాడు. రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. "పొడుగు పెట్రీ గుర్తున్నాడా? వాణ్ణి కుడి పక్కన పెడతాను. ఇద్దర్ని ఎడమకి పంపిస్తాను, గోలగోలగా, చూసేవాళ్లంతా అటే చూడాలి. పెట్రీ ముందు ఎదుటివాణ్ణి ఒక దెబ్బ కొట్టి, పడిపోయినట్టు నటించి, నింపాదిగా లేచి, అడ్డంగా మధ్యలోకి వస్తాడు. వాడి మీద ఎవడికీ ధ్యాస ఉండదు." అరచేయి వసారా గాలిలో పక్కకి జరిగింది, ఆగింది, భుజం నొప్పి పుట్టినచోట చిన్నగా వంకరపోయింది, అయినా విసిరింది. గదిలోకి రమ్మని లోపల్నుంచి ఎవరో పిలిచారు. ఇద్దరూ కదల్లేదు. బంతి ఎక్కడ దిగుతుందో లవెల్ చూస్తున్నాడు.

"పన్నెండు గజాలు," అన్నాడు వేడ్. "ఖాయంగా."

"పదిహేను," అన్నాడు లవెల్. "వాళ్ల వెనక కాపలావాడు కూడా ముందుకొచ్చేసేవాడు. నాకు తెలుసు. పదిహేను."